ఫ్రేము మింగిన నాలుగు వేళ్లు

రాజులు పక్క రాజ్యాల సరిహద్దులు ఎలా ఆక్రమించుకున్నారో వివరిస్తూ చరిత్రకారులు బోలెడు గ్రంథాలు రాశారు. కానీ ఒక మనిషి కత్తీ గుర్రమూ లేకుండా, ముప్పయ్యారేళ్లపాటు, దొరికిన ప్రతి బొమ్మనూ నాలుగు పక్కలా అరంగుళం చొప్పున ఆక్రమించుకుంటూ పోయిన సంగతి మీద ఇంతవరకూ ఒక్కరూ కలం కదపలేదు. చరిత్ర శాస్త్రానికి ఇది తీరని లోటు. ఆ లోటు పూడ్చడానికే ఈ ప్రయత్నం.

ఆ విజేత ఫ్రేములు కట్టే మేస్త్రి. రైలు స్టేషనుకి వెళ్లే వీధిలో, మందుల కొట్టుకీ చెప్పుల కొట్టుకీ మధ్య, ఒక మనిషి చేతులు బారచాస్తే రెండు గోడలూ తగిలేంత వెడల్పున అతని దుకాణం. కాగితం మీద వేసిన బొమ్మని నేరుగా అద్దానికి ఆనించకూడదు, చెమ్మ పడుతుంది. అందుకని మధ్యలో ఒక దళసరి అట్ట పెట్టి, అట్టలో కిటికీలాగా కోస్తారు. ఆ కిటికీలోంచి బొమ్మ బయటికి చూస్తుంది. బొమ్మ జారిపోకుండా కిటికీని బొమ్మకంటే రవ్వంత చిన్నదిగా కొయ్యడం లోకాచారం. మిగతా మేస్త్రీలకి ఆ రవ్వంత అంటే బియ్యపు గింజంత. మన మేస్త్రికి మాత్రం అరంగుళం.

దీనికి మూలం అతని పద్దెనిమిదో ఏట ఉంది. మేనమామ దగ్గర పని నేర్చుకుంటున్న రోజుల్లో అతను కట్టిన మొట్టమొదటి ఫ్రేములో బొమ్మ కాస్త కిందికి జారి, పైన తెల్ల కాగితం గీతలా కనిపించింది. మేనమామ దాన్ని నలుగురు కస్టమర్ల ముందు ఎత్తి పట్టుకుని, "చూశారా, మా అల్లుడు కట్టిన ఫ్రేముకి బనీను బయటపడింది" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ నవ్వు అతని చెవుల్లో ముప్పయ్యారేళ్లుగా మోగుతూనే ఉంది. ఆనాటి నుంచి ఏ ఫ్రేముకీ బనీను బయటపడలేదు. బయటపడాల్సినవి కూడా బయటపడలేదు.

ఈ దండయాత్రలో నష్టపోయినవారి జాబితా పెద్దదే. ఒక పెళ్లి గ్రూపు ఫొటోలో కుడి చివర నిలబడ్డ పెద్దల్లుడు సగానికి సగం మాయమై, అత్తారింటికి రాకపోకలు మానేశాడు. ఒక సముద్రం బొమ్మలో పడవ పోయి తెడ్డు మిగిలింది. ఒక డిగ్రీ పట్టాలో అడుగు వరసనున్న "తృతీయ శ్రేణి" అన్న మాట అట్ట కిందికి పోయింది. ఆ కస్టమరు మాత్రం ఇప్పటికీ ఎదురుపడితే చేతులెత్తి నమస్కారం పెడతాడు. వీధి అంతా కలిసి అతనికి "అరంగుళం మేస్త్రి" అని బిరుదిచ్చింది. సొంత పేరు ఏదో ఉండేది. రేషను కార్డు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

ఎవరైనా దెబ్బలాటకొస్తే అతని దగ్గర ఒక సిద్ధాంతం సిద్ధంగా ఉండేది.

"అంచున ఉన్నదేదీ ముఖ్యమైంది కాదండీ. ముఖ్యమైందైతే మధ్యలోనే ఉండేదిగా."

దుకాణం వెనక కూచుని పాత పేపర్లతో అద్దాలు తుడిచే అతని భార్య ఈ మాట వినపడినప్పుడల్లా తలెత్తేది.

"మన పెళ్లి ఫొటోలో మా అమ్మ అంచునే ఉంది."

"అందుకేగా చెప్తున్నాను."

ఆవిడ ప్రతి పేపరునీ ముందు చదివి తరవాత తుడిచేది. అందువల్ల ఆ దుకాణంలో అద్దాలు ఆలస్యంగానూ వార్తలు తొందరగానూ తయారయ్యేవి.

ఇంతకీ బొమ్మ సంగతి. ఒక సాయంత్రం డ్రాయింగు టీచరుగారు చంకలో అట్టల సంచీ పెట్టుకుని ఆయాసపడుతూ వచ్చారు. ఆవిడ బళ్లో పిల్లలకి నలభై ఏళ్లపాటు కుండా, కుర్చీ, మామిడిపండూ గియ్యడం నేర్పి రిటైరయ్యారు. వీధి చివర మేడ మీద చెల్లెలితో కలిసి ఉంటారు. చెల్లెలు లెక్కల టీచరు, ఇంకా ఉద్యోగంలో ఉంది. పెద్దావిడ మాట మెత్తన, అడుగు మెత్తన. చిన్నావిడ తరగతిలో ఎక్కాలు చెబితే పక్క వీధి పిల్లలకి కూడా వచ్చేసేవి. ఇద్దరూ ముప్పయ్యేళ్లుగా ఒకే కప్పు కింద, ఒకే కిటికీ కోసం పోట్లాడుకుంటూ, హాయిగా బతుకుతున్నారు.

"మేస్త్రిగారూ, రేపు పొద్దున టౌనుహాల్లో చిత్రప్రదర్శన మొదలు. దీన్ని కట్టి నేరుగా అక్కడికే పంపించేస్తారా? నేను మళ్లీ రాలేను, మోకాళ్లు."

"అలాగే టీచరుగారూ. పేరేమైనా రాయాలా?"

"బొమ్మకి పేరెందుకండీ, పిలిస్తే పలుకుతుందా?" అని సిగ్గుపడుతూ నవ్వి వెళ్లిపోయారు.

బొమ్మ నీటిరంగుల్లో ఉంది. కిటికీ పక్కన టేబులు ముందు ఒకావిడ కూచుంది, చూడగానే చెల్లెలని తెలిసిపోతుంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. గడ్డం కాస్త ఎత్తి, ఎడమ పక్కకి చూస్తోంది. టేబులు మీద రెండు గ్లాసుల టీ, రెండూ నిండుగానే ఉన్నాయి. వెనక నీలం గోడ. ఎడమ అంచున టేబులు మూల మీద మాత్రం నాలుగు వేళ్లున్నాయి. బొటనవేలు లేదు, మణికట్టు లేదు, మనిషీ లేదు. నాలుగు వేళ్లే.

మేస్త్రి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని పనిలోకి దిగాడు. అట్ట కోశాడు. కిటికీని బొమ్మ మీద పెట్టాడు. వేళ్లు మెల్లగా అట్ట కిందికి వెళ్లిపోవడం చూశాడు కూడా. "ఎవరివో వేళ్లు, అంచున ఉన్నాయి" అనుకున్నాడు. సిద్ధాంతం ఉన్న మనిషికి ఆలోచనతో పనేముంటుంది? అద్దం వేశాడు, వెనక మేకులు కొట్టాడు, బ్రౌన్ పేపరు అంటించాడు. మర్నాడు పొద్దున్నే రిక్షాలో టౌనుహాలుకి పంపేశాడు.

మూడో రోజున భార్య పోరు పెట్టింది. "ఊరంతా ఆ బొమ్మ గురించే చెప్పుకుంటోంది. మనం కట్టిన ఫ్రేమును మనమే చూడకపోతే ఎలా?" అని అతన్ని ఇస్త్రీ చొక్కాలోకి ఎక్కించి టౌనుహాలుకి తీసుకెళ్లింది.

మిగతా బొమ్మల దగ్గర ఇద్దరో ముగ్గురో ఉన్నారు. ఈ బొమ్మ దగ్గర మాత్రం జనం రైలు టిక్కెట్ల కిటికీ ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. కాలేజీలో పనిచేసి రిటైరైన ఉపన్యాసకుడుగారు మూసిన గొడుగు పుచ్చుకుని, దాని కొసతో ఒక్కొక్కటే చూపిస్తున్నారు. ఫ్రేము కింద అట్టముక్క మీద అందంగా రాసుంది: "ఒంటరి స్త్రీ". దరఖాస్తులో బొమ్మ పేరు రాసే గడి ఖాళీగా ఉండటం చూసి హాలు కార్యదర్శి తన ప్రతిభతో నింపిన పేరది.

"ఈమె ఎటు చూస్తోంది? ఎడమకి. ఎడమ అంటే గడిచిపోయిన కాలం. సరే, అక్కడ ఏముంది?" గొడుగు కొస ఫ్రేము ఎడమ చెక్క మీద టక్కున ఆగింది. "ఏమీ లేదు! ఆ ఏమీ లేకపోవడమే ఈ చిత్రానికి ప్రాణం. శూన్యంలోకి చూసే ఇలాంటి చూపుని గీయాలంటే చిత్రకారిణి ఎంత శూన్యాన్ని దిగమింగి ఉండాలి!"

జనం ఒక్కసారిగా నిట్టూర్చారు.

"రెండో గ్లాసు చూడండి. నిండుగా ఉంది. ఎవరి కోసం? రాని మనిషి కోసం. మరి తన గ్లాసైనా తాగిందా? లేదు. ఆవిరి కూడా లేదు, గమనించండి. టీ చల్లారింది. చల్లారింది టీ ఒక్కటేనంటారా?"

ముందు వరసలో ఒకావిడ పమిట కొంగుతో కళ్లొత్తుకుంది.

"నీలం ఎందుకు వాడారంటారు సార్?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

"విషాదం," అన్నారు ఉపన్యాసకుడుగారు కళ్లు మూసుకుని.

మేస్త్రి భార్య మొగుడి చెవిలో గొణిగింది. "వాళ్లింట్లో గోడలు నీలమేనండీ. కిందటేడు వేయించుకున్నారు. డబ్బాడు రంగు మిగిలిపోతే మన వెనక తలుపుకి వేసుకోమని ఇచ్చారు కూడా."

గొడుగు కొస ఎక్కడ ఆగిందో అక్కడే మేస్త్రి చూపూ ఆగిపోయింది. ఏమీ లేదని పెద్దాయన ఢంకా బజాయించి చెప్పిన చోట, ఆ చెక్క వెనక, అట్ట కింద, నాలుగు వేళ్లు ఉన్నాయి. ఊరంతా ముక్కు చీదుకుంటున్న ఆ శూన్యం కొలత తనొక్కడికే తెలుసు. దాన్ని తనే కోశాడు.

"ఏమండీ, చెమటలు పడుతున్నాయేం?"

"పద, ఇంటికి పద."

వెళ్తూ వెళ్తూ చూశాడు. మూల స్తంభం పక్కన డ్రాయింగు టీచరుగారు నిలబడి, వచ్చేపోయేవాళ్ల పొగడ్తలకి నేల చూపులు చూస్తున్నారు. మేస్త్రి కంటబడగానే చటుక్కున మొహం తిప్పుకున్నారు. బొమ్మకి ఎదురుగా చెల్లెలు చేతిసంచీని గుండెకి అదుముకుని నిలబడి ఉంది. ఎవరో "అయ్యో, ఈవిడేనట" అని దారిచ్చారు. ఆవిడ గిర్రున తిరిగి, చెప్పులు టపటపలాడించుకుంటూ బయటికి వెళ్లిపోయింది.

అది మొదలు మేస్త్రి కాలు గాలిన పిల్లి అయ్యాడు. కూచుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచాడో గుర్తుండేది కాదు. కోసిన చెక్కనే మళ్లీ కొలిచాడు, కొలిచిన చెక్కనే మళ్లీ కోశాడు. ఒక తాతగారి ఫొటోకి కొయ్యాల్సిన అద్దం వాళ్ల మనవడి ఫొటోకి కోశాడు. భోజనానికి కూచుని అన్నానికీ కంచం అంచుకీ మధ్య ఎంతుందా అని చూశాడు. భార్యకి విషయం చెప్పాడు. ఆవిడ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత ఆ చెయ్యి ఎందుకు పెట్టుకుందో తెలిసింది: నవ్వు ఆపుకోవడానికి.

"నవ్వుతావేంటే?"

"నవ్వక ఏం చెయ్యమంటారు? మా అమ్మ ఉసురు తగిలింది."

కానీ వార్తల శాఖ ఆవిడ చేతిలో ఉంది గనక, నాలుగు రోజుల్లో ఆవిడ నవ్వు కూడా ఆగిపోయింది. పేపర్లో బొమ్మ పడింది. ఉపన్యాసకుడుగారు చెప్పిందంతా రెండు కాలమ్‌లలో పడింది. ఆ రోజు నుంచి లెక్కల టీచరుకి మనశ్శాంతి కరువైంది. పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లోనో బళ్లోనో మనుషుల మధ్యే గడిపి, ఒక్క పూటైనా ఒంటరిగా ఉండే యోగం దక్కని మనిషి మీద ఊరు ఊరంతా జాలి కురిపించడం మొదలుపెట్టింది. స్టాఫురూములో ఆవిడ ఒక్కతే కూచుని తినకూడదని మిగతా టీచర్లు వంతులు వేసుకున్నారు. కింద వాటాలో ఉండే రిటైర్డు పోస్టుమాస్టరు పూలకుండీ ఒకటి తెచ్చి మెట్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడట. పదో తరగతి పిల్లలు అల్లరి మానేశారు. అది అన్నిటికంటే ఘోరం. లెక్క తప్పు చేసినవాణ్ణి తిట్టబోతే వాడు ఆవిడ వైపు దయగా చూశాడట.

"అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోవడం లేదట," అంది మేస్త్రి భార్య, అద్దం తుడవడం ఆపి. "'నన్ను దిక్కులేనిదాన్ని చేసి గోడకి వేలాడదీశావు' అని చెల్లెలు అందట. అక్క నోరెత్తలేదట."

మేస్త్రి సుత్తి కింద పెట్టేశాడు. పెళ్లి ఫొటోలో అల్లుడు పోతే అత్తారు సర్దుకున్నారు. పడవ పోతే సముద్రం ఏమీ అనుకోలేదు. ముప్పయ్యేళ్ల కాపురం, అది అక్కాచెల్లెళ్లదైతే మాత్రం ఏం, తన అట్టముక్క వల్ల విడిపోతే? ఏ సిద్ధాంతంతో సరిపెట్టుకోవాలి?

నిజం చెప్పేద్దామని టౌనుహాలుకి బయల్దేరాడు. గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. మళ్లీ వెళ్లాడు. మూడోసారికి వాచ్‌మన్ అతని మీద కన్నేశాడు. నాలుగోసారి, "ఏంటి పెద్దాయనా, బొమ్మ మీద మనసైందా?" అని అడిగేశాడు. అయిదోసారి ఎలాగో కార్యదర్శి గది గడప దాటాడు. నోరు తెరిచేలోగా కార్యదర్శి లేచి ఎదురొచ్చాడు.

"రండి రండి మేస్త్రిగారూ! మీకే కబురు పెడదామనుకుంటున్నా. ఆ బొమ్మని హాల్లో శాశ్వతంగా ఉంచాలని కమిటీ నిర్ణయించింది. ప్రదర్శన శనివారంతో అయిపోతుంది. ఆదివారం పొద్దున బొమ్మ మీ దుకాణానికి వస్తుంది, దళసరి చెక్కతో గట్టి ఫ్రేము కట్టాలి. ఇంకో మాట! ఉపన్యాసకుడుగారు మీ ఫ్రేము గురించి కూడా చెప్పారు. ఆ కిటికీ బిగుతుగా ఉండటంలోనే స్త్రీ నిర్బంధం కనిపిస్తోందన్నారు."

ముప్పయ్యారేళ్లలో అతని కిటికీని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయన. మేస్త్రి నిజం చెప్పడానికి తెరిచిన నోటితోనే "తమ అభిమానం" అని బయటపడ్డాడు. దారి పొడుగునా తనని తాను తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే, "స్త్రీ నిర్బంధం" అన్న మాటని భార్యకి చెప్పడానికి బట్టీ పట్టాడు.

మర్నాడు శుక్రవారం. బడి వదిలే వేళకి లెక్కల టీచరు దుకాణం ముందు ప్రత్యక్షమైంది. మేస్త్రి గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు.

"మేస్త్రిగారూ, అద్దాలొచ్చే చెక్కపెట్టెలు రెండుంటే ఇస్తారా?"

"దేనికమ్మా?"

"పుస్తకాలు సర్దుకోవాలి. నెలాఖరుకి వెళ్లిపోతున్నాను."

"వెళ్లిపోతున్నారా? ఎక్కడికి? ఎందుకని?"

"ఎందుకని మీరూ అడక్కండి. బళ్లో అడిగినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది." పెట్టెలోకి తొంగి చూసి, గడ్డి ఏరి పారేస్తూ అంది. "అయినా నాకేం? ఊరంతా కలిసి ఇచ్చిన సర్టిఫికెట్టు ఉందిగా. ఒంటరి స్త్రీని. ఎక్కడుంటే ఏం?"

"అది కాదమ్మా, ఆ బొమ్మలో అసలు..."

"ఆ బొమ్మ మాట నా దగ్గర ఎత్తకండి," అంది ఆవిడ. ఆ గొంతుకి మందుల కొట్లో కుర్రవాళ్లు కూడా నిటారుగా నిలబడ్డారు. రెండు పెట్టెలూ రిక్షాలో పడేయించుకుని వెళ్లిపోయింది.

మేస్త్రి భార్య వెనక నుంచి వచ్చి అతని పక్కన నిలబడింది. ఈసారి వెటకారం లేదు.

"చెప్పేయండి. పరువు పోతే పోయింది. మనకేమన్నా రాజ్యాలున్నాయా?"

"ముప్పయ్యారేళ్లుగా ఒకసారి మూసిన ఫ్రేముని నేను మళ్లీ తెరవలేదే."

"ఆ చరిత్ర ఎవరు రాస్తున్నారండీ?" అంది ఆవిడ. (ఈ మాట అన్యాయం. కానీ ఆవిడకి తెలియదు.)

ఆదివారం పొద్దున బొమ్మ వచ్చింది. దుకాణం షట్టరు సగం దించి, మేస్త్రి దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. బ్రౌన్ పేపరు చింపాడు. మేకులు పీకాడు. అట్ట ఎత్తాడు. నాలుగు వేళ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈసారి కళ్లజోడు కిందికి దించి చూశాడు, ముప్పయ్యారేళ్లలో ఏ బొమ్మనీ చూడనట్టుగా.

అవి ఊరికే పెట్టిన వేళ్లు కావు. మధ్యవేలి గోరులో రంగు ఇరుక్కుని ఉంది. చూపుడువేలు టేబులు మీద నుంచి కొద్దిగా పైకి లేచి ఉంది, "ఊఁ, కదలకు" అన్నట్టు. అక్కణ్ణించి అతను చూపు తిప్పి టేబులు ముందు కూచున్న ఆవిడ మొహం చూశాడు. ఒక్క గీత మారలేదు. కానీ మొహం మారిపోయింది. శూన్యంలోకి చూస్తున్న కళ్లు ఇప్పుడు ఒక మనిషిని చూస్తున్నాయి. ఎత్తిన గడ్డం విషాదం కాదు. బిగించిన పెదవులు దిగమింగిన దుఃఖమూ కాదు.

భార్య అతని భుజం మీంచి వంగి చూసింది. "అయ్యో రామా! ఈవిడ ఏడవట్లేదండీ, విసుక్కుంటోంది!"

మేస్త్రి కొత్త అట్ట తీశాడు. కొలిచాడు. పెన్సిలు గీత అలవాటుగా అరంగుళం లోపలికి జరిగింది. చెరిపాడు. మళ్లీ గీశాడు. మళ్లీ చెరిపాడు. చివరికి ఊపిరి బిగబట్టి సరిగ్గా బొమ్మ అంచున కోశాడు. కిటికీ పెట్టి చూస్తే వేళ్ల పక్కన తెల్ల కాగితం దారంలా కనిపించింది. మేనమామ దుకాణంలోని ఆ నవ్వు వినిపించింది. వినిపించనిచ్చాడు. దళసరి చెక్క బిగించి, అద్దం వేసి, బొమ్మని దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకుని, వీధి చివరి మేడ మెట్లెక్కాడు. పూలకుండీ ఇంకా మెట్ల మీదే ఉంది, నీళ్లు లేక వాడిపోయి.

లోపల నీలం గోడల మధ్య అక్క ఒక మూల, చెల్లెలు ఒక మూల ఉన్నారు. మధ్యలో పుస్తకాలతో సగం నిండిన చెక్కపెట్టెలు.

"మేస్త్రిగారు వచ్చారని ఆవిడకి చెప్పండి," అంది చెల్లెలు, ఎవరితోనో తెలియకుండా.

"నాకు కనిపిస్తోందని ఆవిడకి చెప్పండి," అన్నారు అక్క.

ఇద్దరి మధ్యా వార్తాహరుడిగా ఇంకాసేపుంటే ధైర్యం జారిపోతుందని మేస్త్రి నిలబడే ఉండి అంతా చెప్పేశాడు. మేనమామ, బనీను, పెద్దల్లుడు, పడవ, డిగ్రీ పట్టా, ఏదీ దాచలేదు. "తప్పు నాదమ్మా. పెద్దావిడ మిమ్మల్ని ఒంటరిని చెయ్యలేదు. నేను చేశాను" అని దుప్పటి విప్పాడు.

మొదట నోరు విప్పింది పెద్దావిడే, అదీ మేస్త్రి అనుకున్న మాట కాదు.

"మీరు కావాలని చెయ్యలేదా?"

"రామ రామ! లేదండీ."

"నేను కావాలనే చేశారనుకున్నాను. ఇన్నేళ్ల అనుభవం ఉన్న మనిషి, నా చెయ్యి అడ్డంగా ఉంది, తీసేస్తేనే బొమ్మ నిలబడుతుందని చూసే ఉంటారనుకున్నాను. హాల్లో చూస్తే నిజంగానే నిలబడింది. అందుకని..."

"అందుకని నోరు మూసుకున్నావు!" అంది చెల్లెలు. నేరుగా అంది. మధ్యలో ఎవరినీ పెట్టుకోలేదు.

"మూసుకున్నానే. నలభై ఏళ్లు మామిడిపండు గియ్యడం నేర్పాను. ఒక్కరంటే ఒక్కరు నా బొమ్మ ముందు రెండు నిమిషాలు నిలబడ్డారా? ఆయన ముప్పావుగంట మాట్లాడాడే! నా బొమ్మ గురించే! ఎలా కాదనమంటావు?"

"నన్ను అడిగి ఉంటే నేను గంట చెప్పేదాన్ని. 'కదలకు, కదలకు' అని ఎన్నిసార్లు ప్రాణం తీశావో అందులో చెప్పాడా? టీ ఎందుకు చల్లారిందో చెప్పాడా? ఆవిరి ఎక్కడ పోయిందిట, ఈ మహాతల్లి తాగనిస్తేగా!" అంటూ చెల్లెలు బొమ్మ దగ్గరికి వచ్చింది. వంగి చూసింది. ఎత్తిన చూపుడువేలు దగ్గర ఆగింది. పెదవి కొస వణికి, నవ్వు పక్కున బయటపడింది. కింద వాటాలో పోస్టుమాస్టరు ఉలిక్కిపడి ఉంటాడు.

"గోరులో రంగు కూడా వేసుకున్నావుటే అక్కా!"

"ఎప్పుడూ ఉంటుందిగా," అన్నారు పెద్దావిడ చేతులు వెనక్కి దాచుకుంటూ.

"మరి హాలువాళ్లు?" అన్నాడు మేస్త్రి. "పేరు ఒంటరి స్త్రీ అని రాసేశారు. వేళ్లు కనిపిస్తే వద్దంటారేమో. మీరు ఊఁ అంటే మళ్లీ..." అతని చెయ్యి అలవాటుగా అట్ట అంచు దగ్గరికి వెళ్లింది.

పెద్దావిడ బొమ్మ వైపు చాలాసేపు చూశారు. శాశ్వతంగా గోడ మీద ఉండటం, ముప్పావుగంట, పమిట కొంగుతో కళ్లొత్తుకున్న ఆవిడ, అన్నీ ఆ చూపులో వచ్చి వెళ్లాయి.

"వద్దండీ. ఇలాగే పంపండి. పేరు పక్కన పెట్టమనండి. వద్దంటే తిరిగొస్తుంది, మన గోడకేం తక్కువ?"

"వద్దనరులే," అంది చెల్లెలు. "ఆ గొడుగాయన నాలుగు వేళ్లకీ నాలుగు అర్థాలు చెప్తాడు. విధి అంటాడు చూడు."

టీ వచ్చింది. వేడిగానే తాగారు. చెల్లెలు అక్కని నాలుగు తిట్లు తిట్టింది, అక్క రెండు తిట్టారు, మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. పన్నెండు రోజుల తరవాత మొదటిసారి అతను కుర్చీలో వీపు ఆనించి కూచున్నాడు. కాళ్లు ఆడించడం ఆపాడు. ఒక మనిషి తన జీవితకాలపు ఆక్రమణలను వదులుకుని, రెండు గుండెలను కలిపి, ముప్పయ్యేళ్ల కాపురాన్ని నిలబెట్టాడంటే చిన్న సంగతేం కాదు. గ్లాసు కింద పెట్టి, ఉదారంగా లేచాడు.

"అయితే చిన్న టీచరుగారూ, ఈ పెట్టెలు నేను తీసుకెళ్లిపోనా?"

"ఎందుకు? నిన్ననేగా ఇచ్చారు... మొన్న, శుక్రవారం."

"మరి మీరు వెళ్లడం లేదుగా ఇక."

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరన్నారు?"

"బొమ్మ గొడవ తీరిపోయింది కదమ్మా..."

"బొమ్మకీ దానికీ ఏం సంబంధమండీ?" అంది చెల్లెలు, ఒక పుస్తకం దులిపి పెట్టెలో పెడుతూ. "నన్ను హెడ్‌మిస్ట్రెస్‌గా వేసి ఇంకో ఊరికి మార్చారు. ఆర్డరు వచ్చి రెండు నెలలైంది. ఇది బొమ్మ వెయ్యకముందు మాట."

పెద్దావిడ ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని లోపలికి వెళ్లారు.

కొత్త బడికి ఆనుకునే, ఒక్క మనిషికి సరిపడే క్వార్టరు ఇచ్చారట. ఇక్కణ్ణించి రోజూ వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి, గంటా నలభై నిమిషాలు పడుతుంది.